ఒక చెంచా, పెన్సిల్‌తో

మార్చి చివర నాస్ నది మీద మంచు
పెళుసుబారి అంచుల దగ్గర విరుగుతుంటే
మొదట తెలిసేది గద్దలకు,
తరవాత సీగల్ పక్షులకు,
ఆ తరవాతే లవీనియాకు.
గుమ్మంలో నిలబడి గాలి ఎగబీల్చి
"వచ్చేశాయి" అంటుంది, ఎవరితోనూ కాదు.

జానెడు దాటదు ఆ చేప. వెండి పుల్ల.
ఎండబెట్టి అంటిస్తే
ఒత్తిలా తలనుంచి తోకదాకా వెలుగుతుంది.
దాని పేరు సాక్.
చలికాలం గిన్నెల అడుగులు గీకించాక
మొట్టమొదట ఏటికి ఎదురొచ్చే తిండి.

ముత్తాత కథ ఒకటుంది, ఇంట్లో ఎవరూ నవ్వుతూ చెప్పరు:
పైకొండల్లో ఇద్దరు వేటగాళ్ళు
కుందేళ్ళే తిన్నారట, రోజూ, కడుపునిండా, నెలంతా.
మంచుకాలపు కుందేటిలో కొవ్వుండదు.
తిన్నకొద్దీ ఆకలి. తిన్నకొద్దీ నీరసం.
ఒకడు ఎముకల గుట్ట పక్కనే పోయాడు,
చేతిలో ఇంకా సగం తొడ.
రెండోవాడికి, దారిన పోతున్న నూనెబేరగాడు
దేవదారు పెట్టె మూత తీసి
కొమ్ముగరిటెతో పట్టించాడు.
రెండోవాడు బతికాడు. గరిట తిరిగివ్వలేదు.

ఆ కొండల మీద దారులు
కాళ్ళు వేసినవి కావు, నూనె వేసినవి.
వీపున మోసిన పెట్టెల్లోంచి కారిన చుక్క చుక్కా
రాయిని నున్నగా చేసింది.

మన మాటల్లో కొవ్వు ఒక తిట్టు.
ఒళ్ళు కొవ్వెక్కిందంటాం, కొవ్వి కొట్టుకుంటున్నాడంటాం.
కానీ పాత నిఘంటువు తెరిచి చూడండి:
చమురుకూ చెలిమికీ ఒకటే పేరు.
స్నేహం.

ఆ సంగతి క్లినిక్ గోడకు తెలీదు.
గోడ మీద నూనెసీసా బొమ్మ, అడ్డంగా ఎర్రగీత.
మార్గిట్ నర్సు కొత్తది, మంచిది.
కార్డు మీద రాసింది: గ్రీజు మానాలి.
లవీనియా మాట తప్పని మనిషి. మానేసింది.
ఒక శీతాకాలమంతా
కొవ్వు తీసేసిన పెరుగు
(అందులో చక్కెరెంతో ఎవరూ చూడలేదు),
అట్టముక్కల్లాంటి బిస్కెట్లు, ఉడికించిన కోడి రొమ్ము.
గంటకే ఆకలి. పగిలిన మడమలు.
బంగాళాదుంప నోట్లో సుద్ద.
తమ్ముడు ఆంబ్రోస్ సీసా ఆమెవైపు జరిపేవాడు,
ఆమె వెనక్కి జరిపేది.
ఆ బల్ల మీద ఇప్పటికీ ఒక జిడ్డుచార ఉంది.

ఈ ఏడు చేపల గుంటల దగ్గరికి మార్గిట్ వచ్చింది.
పది రోజులు మాగిన చేప. ముక్కుకు మఫ్లర్ అడ్డం,
అయినా కళ్ళనీళ్ళు.
వేడినీళ్ళ తొట్టిలో ఆంబ్రోస్ తెడ్డు తిప్పుతుంటే
పైకి తేలింది, ముందు కళ్ళు కళ్ళుగా,
తరవాత అంతా ఒకే బంగారురేకు.
"తొందరపడితే చెదిరిపోద్ది."
ఆ రోజంతా ఆంబ్రోస్ మాట్లాడింది అదొక్కటే.

మార్గిట్‌కు తను చదివిన పాఠం గుర్తొచ్చింది.
కంటికీ ఎముకకూ పోవలసిన విటమిన్లు కొన్ని
నీళ్ళలో ఈదలేవు, నూనె పడవెక్కాలి.
ప్రతి కణానికీ గోడ కొవ్వుదే.
తడి తీసేస్తే మెదడులో సగానికి పైగా అదే.
ఇదంతా పరీక్షలో రాసింది కూడా.
గోడ మీది బొమ్మ మాత్రం ఎవరో పంపితే తగిలించింది.

సీసాలో గ్రీజు చల్లారి
వెన్నరంగులో పేరుకుంటోంది.
లవీనియా వేడి దుంప చిదిమి, పైన వేసి,
ముందు నర్సు చేతికిచ్చింది.
"బాగుందా?"
"చలి తగ్గింది."
"నేనడిగింది అది కాదు."
"బాగుందో లేదో ఇంకా తెలీదు" అంది మార్గిట్,
రెండో దుంపకు చెయ్యి చాస్తూ.

సోమవారం ఆమె కార్డు తీసి
పాత మాట కొట్టేసి పెన్సిల్‌తో రాసింది:
రోజుకు ఒక చెంచా.
పక్కన చిన్న ప్రశ్నార్థకం.
చెంచా ఎంతదో రాయలేదు.

లవీనియా ఇంట్లో ఉన్నది ఒకటే.
కొమ్ముతో చేసింది, ముత్తాత తిరిగివ్వనిది,
అరచెయ్యంత.